చారులో బోల్టు, తుంటిలో సూది

నా చిన్నప్పుడు, దేశమంతటికీ ఇనుము పంపే భిలాయిలో మేముంటే, నా ఒంట్లో ఇనుము చాలదన్నాడు డాక్టరు. అక్కడి ఉక్కు ప్లాంటులో పనిచేసే మా నాన్నకు అది తలవంపుగా తోచింది. మర్నాడే ఎక్కడినుంచో ఒక కొత్త బోల్టు పట్టుకొచ్చాడు. అమ్మ దాన్ని తోమి చారులో వేసి మరిగించింది. అలా కొన్నాళ్ళు గడిచేసరికి బోల్టు నిగనిగలాడింది, నేను మాత్రం పాలిపోయే ఉన్నాను. మాత్రలేస్తే కక్కేసేదాన్ని. మేముండే ఖుర్సీపార్ సందులో నాలుగడుగులు పరిగెడితే ఆయాసం. తొక్కుడుబిళ్ళ ఆటలో నన్ను ఏ జట్టూ రానిచ్చేది కాదు. చివరికి సూదిమందు రాశారు.

బెల్లంపాకంలా నల్లటి మందు, తుంటిలో లోతుగా పొడవాలి. మొదటిసారి బిగుసుకుపోయి కాళ్ళు విదిలించానేమో, కొంత మందు పైకి కారి అక్కడ నల్లమచ్చ పడింది. రెండోసారి పిలుపు వచ్చేసరికి మంచం కింద దూరాను.

అప్పుడొచ్చింది పక్కింటి పిన్ని. కాన్పు తర్వాత రక్తం తగ్గి, ఆవిడకూ అదే మందు నడుస్తోంది.

"ఏటే గుంటా, బోల్టు చారు తాగి తాగి ఇనప్పెట్టె అయిపోనావేటి, కదలవు? నాకు సూదంటే సచ్చేంత బయ్యం. నువ్వొచ్చి కబుర్లు సెప్తేగానీ నాను పొడిపించుకోను."

నాకంటే పిరికి మనిషి దొరికిందన్న హుషారులో బయటికొచ్చేశాను.

ఆసుపత్రిలో పిన్ని బోర్లా పడుకోగానే, నాన్న చారులో బోల్టుని ములక్కాడ ముక్కనుకుని కొరికిన కథ ఎత్తుకున్నాను. పిన్ని కిలకిలా నవ్వింది. "హసో, పర్ హిలో మత్!" అని సిస్టరు కసిరింది, నవ్వు గానీ కదలకు అని.

నా వంతు వచ్చింది. "మరి పన్ను ఊడిందా, నేదా? సెప్పవే!" అంది పిన్ని. చెప్పే తొందరలో ఒళ్ళు బిగించడం మరిచిపోయాను. ఈసారి మందు పైకి కారకుండా సిస్టరు చర్మాన్ని పక్కకి లాగి పొడిచేసింది. నొప్పి లేదనను. కథ మాత్రం ఆపలేదు.

తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది, పిన్ని అంతకుముందు సూదులన్నీ ఒంటరిగా వెళ్ళి, కిమ్మనకుండా వేయించుకుందని.

సూదులన్నీ అయ్యాక ఒంట్లో రక్తం పట్టి, నేను తొక్కుడుబిళ్ళ జట్టులోకి ఎక్కాను. బడికీ నాకూ పొసగక తొందరగానే విడిపోయాం. ఆ మచ్చ మాత్రం వెలిసిపోయి ఇంకా ఉంది. ఇంట్లో పిల్లలెవరికి సూది వేయించాలన్నా ఇప్పుడు నేనే తోడెళ్తాను. ధైర్యం చెప్పను. "నాకు బయ్యంగా ఉందిరా, ఏదైనా కత సెప్పు" అంటాను.