నాగాయలంక దాకా మూడు పొరలు

ఈ మధ్య చొక్కాలకు జేబులు పెట్టడం మానేశారు. గుడివాడలో మూడు షాపులు తిరిగాను. అడిగితే ఇప్పుడిదే మోడల్ అంటారు. కళ్ళజోడు, టికెట్టు, ఫోను ఎక్కడ పెట్టుకోవాలో ఆ మోడల్ కనిపెట్టినవాడు చెప్పలేదు. ఏప్రిల్లో ఓ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గుడివాడలో పామర్రు బస్సెక్కాక ఈ లోటు నాకు బాగా తెలిసొచ్చింది. ఒక చేతిలో స్టీలు డబ్బా, ఇంకో చేతిలో గాజు గిన్నె ఉన్న సంచీ. టికెట్టు పళ్ళ మధ్య పట్టుకున్నాను. కండక్టరు చిల్లర కూడా అక్కడే పెడతాడేమోనని కాసేపు భయపడ్డాను.

ప్రయాణం నాగాయలంకకి. మా చెల్లెలు శిరీష అక్కడుంటుంది. ఐదో నెల. మూడు నెలలు దాటితే వాంతులు తగ్గుతాయని అందరూ అన్నారు గానీ, ఆ సంగతి వాంతులకు ఎవరూ చెప్పినట్టు లేదు. అన్నం ఉడికే వాసన పడదు, పోపు వాసన అసలే పడదు. మా బావ రొయ్యల చెరువు నుంచి వస్తే పెరట్లో స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే గడప దాటనిస్తోంది. అవనిగడ్డ డాక్టరమ్మ సోమవారం దాకా చూస్తానంది. అప్పటికీ కడుపులో ఏదీ నిలవకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టక తప్పదంది.

ఈ మాట వినగానే మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు పొయ్యిలు వెలిగించారు. ఐదో నెలలో పుట్టింటి చలిమిడి తింటే కడుపు చల్లబడుతుందని మా అమ్మ నమ్మకం. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, కాస్త నెయ్యి, ఎండుకొబ్బరి ముక్కలు. రంగు మట్టిరంగు. అందం గురించి దానికి ఏ పట్టింపూ లేదు.

మా ఆవిడ అనూరాధది ఇంకో దారి. పది నిమిషాల్లో అయిపోయే వేసవి స్వీటు ఒకటి ఫోనులో చూసింది. మా ఇంట్లో దానికి శనివారం మధ్యాహ్నమంతా పట్టింది. నిజానికి తేలికే. జెల్లీలా గడ్డకట్టే చైనా గ్రాస్‌ని నానబెట్టి, నీళ్ళలో కరిగేదాకా మరిగించి మూడు భాగాలు చేయాలి. ఒకదాంట్లో రోజ్ సిరప్, సబ్జా గింజలు. రెండోదాంట్లో చిక్కగా కాచిన పాలు, పంచదార, తాటి ముంజల ముక్కలు. మూడోదాంట్లో మామిడిపండు గుజ్జు. ఒకటి గట్టిపడ్డాక దాని మీద ఇంకొకటి పోసి ఫ్రిజ్‌లో పెట్టడమే. గాజు గిన్నెలో పక్క నుంచి చూస్తే కింద గులాబీ, మధ్య తెలుపు, పైన పసుపు. ఫొటో తీయకుండా మూత పెట్టనివ్వలేదు.

"తినేదానికి ఇన్ని రంగులెందుకే?" అంది అమ్మ.

"కంటికి నచ్చితే నోట్లోకి వెళ్తుందత్తయ్యా."

"నోట్లోకి వెళ్ళినా అక్కడుండదనే కదా మన బాధ."

నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు. రెండూ మోయాల్సినవాణ్ణి. చలిమిడి డబ్బా దారిలో ఎక్కడా కింద పెట్టకూడదని అమ్మ, గిన్నె ఎక్కడా వాల్చకూడదని మా ఆవిడ చెప్పి పంపారు.

పామర్రులో అవనిగడ్డ వైపు బస్సు కోసం గంట పైన నిలబడ్డాను. ఇడ్లీ బండి ఎదురుగానే ఉంది, ఆకలీ ఉంది, చెయ్యే లేదు. బస్సు వచ్చేసరికి సంచీలో గిన్నె చుట్టూ పెట్టిన ఐసు సగం నీళ్ళయింది. చైనా గ్రాస్ ఎండకు కరగదు గానీ పాలు విరుగుతాయి. విరిగిన పాలు తినిపించి నేనే చెల్లెల్ని ఆస్పత్రికి పంపిస్తానేమోనని కూచిపూడి దాటేదాకా అదే ఆలోచన.

పక్క సీట్లో మొవ్వ వెళ్ళే పెద్దావిడ నా అవస్థ చూసి చెయ్యి చాపింది. "చలిమిడేనా? ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను. ఎన్నో నెల?"

"ఐదండీ. మా చెల్లెలికి."

"మీకనుకోలేదులెండి," అంది.

ఆవిడ మొవ్వలో దిగిపోతూ డబ్బా తిరిగి నా ఒళ్ళో పెట్టింది. చల్లపల్లిలో ఒకాయన థర్మాకోల్ పెట్టెతో ఎక్కి ఆ సీట్లో కూర్చున్నాడు. నాగాయలంకలో తెలిసినవాళ్ళ చెరువు దగ్గర నాలుగు కిలోల రొయ్యలు తెచ్చుకోవడానికి వెళ్తున్నాడట. పెట్టెలో సగానికి ఐసుంది. నా సంచీలోంచి కారుతున్న నీళ్ళు చూసి అడిగాడు, చెప్పాను.

"అయితే దీంట్లో పెట్టేయండి మాస్టారూ. వెళ్ళేటప్పుడు ఖాళీయేగా."

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు రాలేదు గానీ, వచ్చినా తుడుచుకునే వీలు లేదు. గిన్నె పెట్టెలోకి వెళ్ళింది. మోపిదేవి దగ్గర గతుకులకు పెట్టె ఎగిరిపడుతుంటే కింద ఉంచబుద్ధి కాక దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. దాని మీద చలిమిడి డబ్బా. అవనిగడ్డ దాటేసరికి పెట్టె అడుగున నెర్రె ఉందని నా ప్యాంటు ద్వారా తెలిసింది. ఎండాకాలం కదా, హాయిగానే ఉంది.

నాగాయలంకలో దిగి గిన్నె బయటికి తీశాకే బుర్ర పనిచేసింది. అది రోజూ రొయ్యలు మోసే పెట్టె. మొగుణ్ణే గడప దాటనివ్వని మనిషికి నేను అదే వాసనలో ఊరబెట్టిన స్వీటు పట్టుకెళ్తున్నాను. కుళాయి దగ్గర గిన్నెని బయటనుంచి రెండుసార్లు కడిగాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా రొయ్యలే.

ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. శిరీష మంచం మీద గోడకానుకుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

వాళ్ళత్తగారు మూత తీశారు. మూడు పొరలూ దేని దారి అది చూసుకున్నాయి. పసుపు ఒక మూలకి, గులాబీ ఇంకో మూలకి, మధ్యలో ముంజలు. ఎవరైనా చేసుకోబోతుంటే ఒక మాట: కింది పొర వేలికి కాస్త అంటుకుంటున్నప్పుడే పైది పోయాలి. మా ఆవిడ పూర్తిగా బిగుసుకునేదాకా ఆగింది. అలా చేస్తే ఒకే ఇంట్లో మాట్లాడుకోని తోడికోడళ్ళలా ఉంటాయి పొరలు.

"ఏంటి బాబూ ఇది?" అన్నారావిడ.

"బయల్దేరినప్పుడు అందంగా ఉందండీ," అన్నాను.

శిరీష కొంగు తీయకుండానే గిన్నెలోకి చూసింది. "అన్నయ్యా, నువ్వు కాసేపు అరుగు మీద కూర్చో."

తింటుంటే అందరూ చూడటం ఇబ్బంది కాబోలనుకున్నాను. అరుగు మీద నేను, పెరట్లో స్నానం ముగించి వచ్చిన బావ, ఇద్దరం కూర్చున్నాం. లోపల చెంచా గాజుకి తగిలిన చప్పుడైంది. మళ్ళీ అయింది. బావ వేళ్ళు విరుచుకోవడం ఆపేశాడు. ఇక పరుగెత్తుకొస్తుందని పెరటి తలుపు వైపే చూశాను. రాలేదు.

గంట గడిచాక వాళ్ళత్తగారు బయటికొచ్చారు. "సగం గిన్నె అయింది. చలిమిడి కూడా నిమ్మకాయంత తింది. పడుకుంది." అని, కళ్ళు తుడుచుకుని, మాకు అన్నాలు వడ్డించారు. ఆ పూట తిన్న వంకాయ కూర రుచి నాకు గుర్తులేదు. మూడుసార్లు వడ్డించుకున్నట్టు మాత్రం గుర్తుంది.

బావకి బందరులో పనుంది, కారులో దింపుతానన్నాడు. దారంతా డాక్టరమ్మకి ఏం చెప్పాలో తనకు తనే చెప్పుకుంటూ నడిపాడు. బందరులో రెండిళ్ళకీ హల్వా కొన్నాం. సాయంత్రం గుడివాడ వెళ్ళే రైల్లో జనం బాగానే ఉన్నారు గానీ, నేను కూర్చున్నాక బెంచీ అంతా నాకే వదిలేశారు. అలసిపోయినవాణ్ణి అర్థం చేసుకునే మనుషులు ఇంకా ఉన్నారనిపించింది. కాళ్ళు చాపుకున్నాను. పెడన దాటాక చేల మీంచి చల్లగాలి వస్తోంది. ఎవరి మాట నెగ్గిందని అమ్మా ఆవిడా అడుగుతారు. ఇద్దరిదీ అని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు.

జేబు లేదు కాబట్టి సంచీ అడుగున మోగుతున్న ఫోను దొరకడానికి కొంచెం టైం పట్టింది. శిరీష. గొంతు చాలా రోజుల తరవాత గొంతులా ఉంది.

"నిద్ర లేచాక మళ్ళీ తిన్నాను అన్నయ్యా, గిన్నె ఖాళీ. దానికి ఏ వాసనా లేదు. రొయ్యల కంపు నీ దగ్గర్నించి వచ్చింది."