మెట్టు దిగినా వెనక్కి పిలవని ఆసుపత్రి

కోరుట్ల బజారులో బంగారాన్ని బేరమాడినవాళ్ళున్నారు, భూమిని బేరమాడినవాళ్ళున్నారు. సొంత మెడను బేరమాడి, విమానమెక్కి, ఏనుగు సవారీతో కలిపి ఆపరేషన్ కొనుక్కొచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. హైదరాబాదులో నాలుగు లక్షలన్నారు. నేను మూడున్నరకు తెగ్గొట్టాను, అదీ బ్యాంకాకులో.

సంగతి బయటపడింది సిరిసిల్లలో. మాది బట్టల దుకాణం. మా నాయన నేర్పిన చదువంతా నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనే ఉంటుంది. ఆ రెంటి మధ్య నలిపితే బట్టలో నూలెంతో, పాలిస్టరెంతో తెలిసిపోవాలి. ఆ రోజు మరమగ్గాల ఆసామి ఇచ్చిన ముక్కను నలిపి, "మంచి కాటన్. ఎంతకిస్తవ్?" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "ఏంది సేటూ, పరాచికాలా? గది పక్కా పాలిస్టర్. చేతుల పడితెనే జారుతది గదా!"

నేను పరాచికమాడలేదు. వేళ్ళకు ఏమీ తెలియలేదు.

జగిత్యాల డాక్టరు స్కాన్ తీయించి, మెడ ఎముకల మధ్య మెత్తలాంటిది బయటికి జరిగి, చేతికి పోయే నరాన్ని నొక్కుతోందన్నాడు. కొన్నాళ్ళు మందులిచ్చి చూశాడు. చివరికి, "చెయ్యి బలం తగ్గుతున్నది, ఇగ ఆలస్యం చెయ్యద్దు. హైదరాబాద్ల చేయించుకోండ్రి. రేపు ఏదన్న అయితే పొద్దున పోయి మాపటికి రావచ్చు" అన్నాడు. అంటే దగ్గరి దుకాణంలో కొనమన్నాడు. దగ్గరి దుకాణంలో, చెప్పిన ధరకు కొన్నవాణ్ణి మా వంశంలో తెలివిగలవాడనరు.

జగిత్యాలలోనే ఒకప్పుడు గల్ఫుకు మనుషుల్ని పంపిన ఏజెంటు ఇప్పుడు రోగుల్ని పంపుతున్నాడు. టికెట్, హోటల్, ఆపరేషన్, ఒక పూట ఏనుగు సవారీ, అంతా కలిపి అయిదు లక్షలన్నాడు.

"మెడ ఆపరేషన్‌కు ఏనుగెందుకయ్యా? గది తీసెయ్. ఎంత తగ్గుతది?"

"ఏనుగు ఫ్రీ, సేటూ. ఫ్రీ దాంట్ల ఏం తగ్గియ్యాలె?"

"అయితే ఏనుగు ఉండనీ. మిగిలింది తగ్గియ్."

లేచి మెట్టు దిగినప్పుడల్లా వెనక్కి పిలిచాడు. మూడున్నరకు తెగింది. ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ, "గంత తగ్గిచ్చిండంటే లోపల్నుంచి ఏం తీసేసిండో అడిగినవా?" అంది.

"ఏనుగైతే ఉన్నది" అన్నాను.

తోడుకు రెండో టికెట్ దండగని ఒక్కణ్ణే వెళ్ళాను.

ఏం తీసేశాడో అక్కడ తెలిసింది. పాడైన మెత్తను తీసి దాని జాగాలో ఒక ముక్క పెడతారట. ఆ ముక్క ధర ప్యాకేజీలో లేదు. రెండు లక్షలని హిందీ వచ్చిన దుబాసీ అమ్మాయి వినయంగా చెప్పింది. చీర ధర చెప్పి, జాకెట్టు ముక్క వేరే అనడం మా తాతల నాటి విద్య. దాన్ని నా మీదే ప్రయోగించారు.

లక్షకిమ్మన్నాను. అక్కడి డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. ధర అంతేనన్నాడు. నేను లేచాను.

మా బజారులో లేవడమంటే వద్దనడం కాదు, బేరంలో అదీ ఒక మాట. కొనేవాడు మెట్టు దిగాలి, అమ్మేవాడు పిలవాలి. అసలు ధర ఆ పిలుపుతోనే మొదలవుతుంది. మెడకు జగిత్యాల డాక్టరు వేయించిన పట్టీ ఉంది కనుక తిరిగి చూడలేను. చెవులు వెనక్కి పెట్టి వరండాలో పెళ్ళికూతురి నడక నడిచాను. నీళ్ళ మిషన్ దగ్గర ఆగి, దాహం లేకపోయినా తాగాను. పిలుపు లేదు. లిఫ్టు ముందు బటన్ నొక్కకుండా నిలబడ్డాను. అప్పుడు వెనక పరుగు వినిపించింది. గెలిచాననుకున్నాను.

దుబాసీ అమ్మాయి! నా స్కాన్ ఫిల్ములు చేతికిచ్చి, దండం పెట్టి, మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం, రేపటి మీ వంతు ఇంకొకరికి ఇచ్చేశాం అంది.

వద్దనలేదమ్మా, ఊరికే లేచానన్నాను. ఊరికే ఎందుకు లేచారని అడిగింది. కోరుట్లలో ఇంతవరకూ ఎవరికీ రాని అనుమానం అది. మళ్ళీ వంతు ఎప్పుడని అడిగాను.

డాక్టరు మళ్ళీ దొరికేది వారం తర్వాత. ఆ వారమంతా హోటల్ అద్దం ముందు చొక్కా గుండీలతో కుస్తీ పట్టాను. ఒక పొద్దున టీ కప్పు చేతిలోంచి దానంతటదే జారిపోయింది. అప్పుడు పట్టింది భయం. వేళ్ళు పోతే గల్లా దగ్గర కూర్చోగలను గానీ, అది దుకాణందారు కూర్చున్నట్టు కాదు, అద్దాల అలమరలో చీర కట్టిన బొమ్మ నిలబడ్డట్టు. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు, నొక్కుకుపోయిన నరం ధర కుదిరేదాకా ఆగదన్నాడు. రెండు లక్షలూ మారుమాట్లాడకుండా కట్టాను.

ఆపరేషన్ సక్రమంగానే జరిగింది. మెడ ముందు నుంచి కోస్తారు కనుక కొన్నాళ్ళు గొంతు బొంగురుపోవచ్చని ముందే చెప్పారట. నేను విన్నది ధర ఒక్కటే. లేచేసరికి గొంతు లేదు. జీవితంలో మొదటిసారి ట్యాక్సీవాడు అడిగినంత ఇచ్చాను. ఏనుగు దగ్గరికీ వెళ్ళాను, వదులుకుంటే నష్టం కదా. ఎక్కనివ్వలేదు. పట్టీతో తలెత్తలేక దాని పొట్ట మటుకు చూసి వచ్చాను.

"లోపల ఏం పెట్టిన్రో రాసిన కాయితం తెచ్చిన్రా?" అన్నాడు జగిత్యాల డాక్టరు, తిరిగొచ్చి చూపించుకుంటే. ఆ దుబాసీ అమ్మాయి బలవంతాన జేబులో పెట్టబట్టి ఉంది. మీలో ఎవరైనా పోతే ఆ కాయితం అడిగి తెచ్చుకోండి. ముక్క ధర కలిసిందా, మళ్ళీ విమానం ఎప్పుడెక్కనిస్తారు, ఊరికొచ్చాక కుట్లు చూసేదెవరు, ఇవి పోకముందే అడగండి. నా ఇన్సూరెన్సు దేశం దాటదని నాకు తిరిగొచ్చాకే తెలిసింది.

మొన్న సిరిసిల్ల వెళ్ళాం. నా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, బేరం మా ఆవిడ చేసింది. నాకంటే ఎక్కువే తగ్గించింది, లేవకుండానే. ఆసామి రెండు ముక్కలు నా ముందు పెట్టాడు.

"కండ్లు మూసుకొని చెప్పు సేటూ, ఏది ఏంది?"

నలిపాను. మొదటిది కాటన్. రెండోదాన్ని బొటనవేలు పాలిస్టరంది, చూపుడువేలు ఏమీ అనలేదు. బొటనవేలి మాటే చెప్పాను. రెండూ సరిగ్గా చెప్పానని ఆసామి టీ తెప్పించాడు.

లెక్క ఇది. ప్యాకేజీ మూడున్నర లక్షలు. ముక్కకు రెండు. వారం హోటలు, మార్చిన టికెట్టు కలిపి డెబ్బై వేలు. జగిత్యాలలో చేతి వ్యాయామాలకు ఇరవై. మొత్తం ఆరు లక్షల నలభై వేలు. హైదరాబాదులో నాలుగు, అందులో సగం పైన ఇన్సూరెన్సే కట్టేది. చేతికి ముట్టింది: బొటనవేలు పూర్తిగా, చూపుడువేలు సగం. మిగతా సగం ఆ వారంలోనే పోయిందా, అంతకుముందే పోయిందా అంటే జగిత్యాల డాక్టరూ చెప్పలేనన్నాడు. నేనైతే దాన్ని లిఫ్టు దాకా నడిచిన ఖర్చులో రాసుకున్నాను. ఏనుగు పొట్ట ఫ్రీ.