నవ్వని దాలమ్మ ట్రే

ఆ సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు పలాసలోని మా జీడిపప్పు ఫ్యాక్టరీ గ్రేడింగ్ షెడ్డులోకి ఓనరు గారు ఒక ట్రైనర్‌ను వెంటబెట్టుకొని వచ్చారు. నేను గ్రేడింగ్ మేస్త్రీని. విరగని గుండును, రెండుగా విడిన బద్దను వేరు చేయించి, డబ్బాకెక్కే సరుకుకు పూచీ పడటం నా పని. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. కాగితం చదవడానికి ఆలస్యం అవుతుంది గానీ, చదవకుండా సంతకం పెట్టను.

ట్రైనర్ గారు ఎవరో విదేశీ తత్త్వవేత్త గురించి చెప్పారు. ముందు నవ్వితే సంతోషం వెనకాలే వస్తుందట. వైఖరి మారితే స్వభావం మారుతుందట, స్వభావం మారితే పప్పు నాణ్యత పెరుగుతుందట. ఈ చివరిది తత్త్వవేత్త అన్నాడో, ఓనరు గారు కలిపారో తెలియదు. ఆ రోజంతా నవ్వుతూ పనిచేయాలి. నవ్వనివాళ్లను కటింగుకు పంపుతారు.

కటింగు అంటే గింజ కోయడం. జీడి సొన చేతులు కాల్చేస్తుంది. పూండి నుంచి వచ్చే దాలమ్మ పదేళ్లు అక్కడ చేసి, తోలూడిన వేళ్లతో గ్రేడింగుకు వచ్చింది. ఆమె నవ్వగా ఎవరూ చూడలేదు. పప్పును తిడుతూ ఏరుతుంది.

"సచ్చినదానా, బద్దవై ఉండి గుండ్లల్లో దాక్కుంటావేటే?"

ట్రైనర్ గారు బతిమాలితే ఒకసారి నవ్వింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"సాలా బాబూ? ఇంకా పళ్లు తియ్యాలా?" అని అడిగింది దాలమ్మ.

పక్కనున్న వరాలమ్మ, "ఓలప్పా, ఆ నోరు మూసీయే! పప్పు జడుసుకుంటాది" అంది.

దాలమ్మ తల దించుకొని మళ్లీ తిట్లలో పడింది. పదింటికల్లా ఆమెను కటింగుకు మార్చే కాగితం నా చేతికొచ్చింది. అరగంట చదివి, సాయంత్రం శాంపిల్ చూశాకే సంతకం అన్నాను. ప్రతి ట్రే నుంచి గుప్పెడు గుండ్లు తీసి, బద్దలెన్ని కలిశాయో చూడటమే శాంపిల్.

మిగతావాళ్లు రోజంతా నవ్వారు. నవ్వు ట్రైనర్ గారికి కనపడాలంటే తలెత్తాలి. తలెత్తితే పప్పు కనపడదు. నాలుగింటికి చూస్తే వాళ్ల ప్రతి ట్రేలోనూ గుండ్ల మధ్య బద్దలే. దాలమ్మ ట్రేలో ఒక్కటీ లేదు.

ఓనరు గారు ఆ ట్రేను చాలాసేపు చూశారు. "అయితే రేపట్నించి అందరూ దాలమ్మలాగే మొకం మాడ్సుకోండి" అన్నారు. దానికీ శిక్షణ ఇస్తానన్నారు ట్రైనర్ గారు.

"నేర్పాలేటి బాబూ? మద్దేనం కూడు మానిపించీండి, అదే మాడతాది" అంది దాలమ్మ.

కాగితం సంతకం లేకుండా తిరిగి ఇచ్చేశాను. ఆమె గ్రేడింగులోనే ఉండిపోయింది.

తర్వాత ఆ తత్త్వవేత్త గురించి కూడబలుక్కొని చదివాను. ఏ మాటనైనా పనిలో పెట్టి చూడాలన్నది ఆయన వాదమట. ట్రైనర్ గారు అంతదాకా చదివినట్టు లేదు. నాకు తెలిసింది మాత్రం ఇంతే: స్వభావం రోజూ చేసే పనిలోంచి చేతికెక్కుతుంది. దాన్ని తూచాలనుకున్నవాడు సాయంత్రం వరకు ఆగాలి.

ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్లం: ఓనరు సూర్యనారాయణ గారు, ట్రైనర్ ప్రవీణ్ గారు, దాలమ్మ, రోజంతా నవ్విన వరాలమ్మ, కాశీబుగ్గ నీలవేణి, మందస తులసమ్మ, మేస్త్రీ పారమ్మ అనే నేను.