సార్‌ను తోల్కరమ్మన్నారు

మళ్లీ ఆ మిర్యాలగూడ ఇంజనీరు ఆఫీసు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వచ్చినదాన్ని. కట్టబోయే ఇల్లు ముందు నుంచి ఎలా కనిపిస్తుందో కంప్యూటర్లో బొమ్మ గీయడం నా పని. అక్కడ బొమ్మలు గీసేది నేనే, వచ్చినవాళ్లకు చాయ్ అందించేదీ నేనే. మానేశాను. కోదాడలో మా రేకుల గదిలో విడిభాగాలు తెచ్చి కంప్యూటర్ నేనే బిగించుకున్నాను. ఆ ఇంజనీరుకు మా ఇంటికే పని పంపక తప్పలేదు.

మే నెలలో ఆ కంప్యూటర్ మొండికేసింది. బొమ్మ సగంలో ఉండగా వేడెక్కి ఆగిపోయేది. ఇంజనీరు ఫోన్ చేసి, "ఇంట్ల కుదరకపోతే ఆఫీసుకే రా అమ్మా, నీ కుర్చీ అట్లనే ఉన్నది" అన్నాడు. ఒళ్లు మండింది.

సూర్యాపేటలో కంప్యూటర్ దుకాణానికి వెళ్లి నీళ్లు తిప్పి చల్లబరిచే వాటర్ కూలింగ్ కావాలన్నాను.

"కూలర్లు పక్క షాపుల దొరుకుతయి మేడమ్."

"గడ్డి కూలర్ కాదన్నా. కంప్యూటర్ లోపలి ప్రాసెసర్‌కు."

దుకాణదారు నన్ను ఎగాదిగా చూశాడు. "నీళ్లు, కరెంటు ఒక్క డబ్బాలనా? సార్‌ను తోల్కరాండ్రి, ఆయనకు చెప్త."

సార్ అంటే మా ఆయన, ఆయన్ను వెంటబెట్టుకు రమ్మని. పాపం, ఆయనకు ఆన్ చేసే బటన్ తప్ప ఇంకేమీ తెలియదు.

"నీళ్లు మోసేది ఆడోళ్లమే కదన్నా. నాకే చెప్పు" అన్నాను.

రెండు రకాలు చూపించాడు. గొట్టాలు మనమే కోసి, బిగించి, నీళ్లు నింపుకునేది ఒకటి. రంగు నీళ్లు, లైట్లు, అచ్చం పెళ్లిపందిరే. కంపెనీలోనే నింపి సీలు వేసిన చిన్నది ఇంకోటి. నా మనసు పెళ్లిపందిరి మీదే ఉంది. కానీ చుక్క కారితే బోర్డు ఖతం, పని ఖతం, నా ఒట్టూ ఖతం. సీలుదే తీసుకున్నాను. "భయపడ్డరా మేడమ్" అని నవ్వాడు. భయం కాదు, బుద్ధి.

ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా కూర్చుని బిగించాను. ఆన్ చేస్తే గరగరమని చప్పుడు. వేడి ముందుకన్నా ఎక్కువ. దుకాణానికి ఫోన్ చేస్తే, "అందుకే సార్‌ను తోల్కరమ్మన్న" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న మా అత్తమ్మ చేట ఆపింది. చిలుకూరు పొలంలో ఏళ్ల తరబడి మోటరు నడిపిన మనిషి.

"గాలి గుంజుతున్నది" అంది. "నీ మోటరేడున్నది?"

ప్రాసెసర్ మీద ఉన్న చిన్న పంపు చూపించాను.

"నీళ్లేడున్నయి?"

డబ్బా అడుగున, ఫ్యాన్ల వెనక నేను బిగించిన, నీళ్లు చల్లారే రేడియేటర్ చూపించాను.

"మోటరు మీద, నీళ్లు కింద. లోపలున్న గాలంత పోయి మోటర్ల చేరదా మరి? దాన్ని పైకెక్కియ్యి."

విప్పి, రేడియేటర్‌ను డబ్బా పైభాగానికి మార్చాను. కాసేపు గుడగుడలాడి చప్పుడు ఆగిపోయింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తయింది. ఇంజనీరుకు పంపుతూ, "ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి సార్" అని కింద రాశాను.

మర్నాడు దుకాణదారు ఫోన్ చేశాడు. బాగైందని చెప్పాను.

"గట్లనా! జర సార్‌కియ్యండ్రి మేడమ్. ఎట్ల చేసిండో అడుగుత."

"ఇస్తున్నా" అని ఫోన్ అత్తమ్మ చేతిలో పెట్టాను.