తోటలో మౌన భోజనం

కొండల్లో జనం ఎలా తినాలో కుందలహళ్ళిలో ఒక ట్రావెల్ కంపెనీ ఆఫీసులో కూర్చుని రాయడం నా ఉద్యోగం. హిమాలయాల్లో నాలుగు లోయలు, ఎనిమిది రోజులు, బాగా డబ్బున్న పన్నెండు మంది. వాళ్ళు పొద్దున్నే ఎక్కడ ఆవిరి పట్టుకోవాలి, ఏ తోటలో ఏం తినాలి, తిన్నాక ఎంతసేపు కళ్ళు మూసుకోవాలి, అంతా నేనే రాస్తాను. 'హాయి' అన్న మాట నేను రాసినన్ని సార్లు ఇంకెవరూ రాసి ఉండరు. నా మటుకు నాకు హాయి అంటే ఏమిటో తెలియదు. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారి నుంచి ఇంటికి తిరిగొచ్చే రకం నేను.

రెండేళ్ళ కిందట ఒక ప్రయాణానికి వారం ముందు ఒకావిడ రానని చెప్పేసింది. ఖాళీ అయిన చోటుకి ఆఫీసులో ఎవరైనా ఇంట్లోవాళ్ళను పంపుకోవచ్చన్నారు. నేను మా అత్తను పంపాను. నాన్న చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీల వీధిలో దారాలూ గుండీలూ జిప్పులూ అమ్మే కొట్టు ఆవిడది. అరవై ఆరేళ్ళకు విమానం ఎక్కడం అదే మొదలు. "ఒగసారి మంచు చూడల్లప్పా" అని ఎప్పుడో అన్న మాట పట్టుకుని నేనే బలవంతం చేశాను.

అత్తకు షుగర్. మధ్యాహ్నం భోజనానికి పావుగంట ముందు పొట్టకు ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. సూది వేసుకున్నాక తిండి పడాలి, అంతే. ఆలస్యమైతే చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, ఆ తరువాత మనిషి స్పృహ తప్పుతుంది. ఒకసారి కొట్లోనే, బేరం మధ్యలో గుండీల డబ్బా మీదికి ఒరిగిపోయింది. అప్పట్నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే తిన్నావా అని ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాను. అది ఇప్పటికీ పోలేదు.

అతిథుల ఫారంలో మాత్రం 'షుగర్ ఉంది, తీపి వద్దు' అని రాసి ఊరుకున్నాను. సూది సంగతి రాయలేదు. "పెద్ద పెద్దోళ్ళు వస్తాండారు, నేను పొట్టలో సూది గుచ్చుకుంటానని వాళ్ళకంతా చెప్పొద్దప్పా. నాకు సిగ్గు" అని అత్త పట్టుబట్టింది. సరేనన్నాను. ఎంత తెలివితక్కువ పని చేశానో అప్పుడు తెలియలేదు.

మొదటి మూడు రోజులూ బాగానే గడిచాయి. అత్త రోజూ ఫోన్ చేసేది. వేడినీళ్ళలో గులాబీ రేకులు వేసి కాళ్ళు కడిగారట. "నా కాళ్ళు నేను కడుక్కోలేనా, ఆ ఆడబిడ్డ వంగి కడుగుతాంటే నాకు ఒళ్ళంతా ముడుచుకునిపాయ" అంది. ఇంట్లో కూర్చుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

నాలుగో రోజు ఆపిల్ తోటలో మౌన భోజనం. అది నా సొంత ఆలోచన, అందరూ మెచ్చుకున్నది. చెట్ల కింద బల్లలు, ఏడు వాయిలుగా వడ్డన, ఒకటి తిన్నాకే ఇంకొకటి, ఒక్కో వాయికీ ఒక్కటే చిన్న పదార్థం. ఫోన్లన్నీ ముందే బుట్టలో పెట్టించుకోవాలి. భోజనం అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, వడ్డించేవాళ్ళు కూడా. అతిథి ఏదైనా తినకపోతే ఎందుకని అడగకూడదు, మెల్లగా ప్లేటు తీసేసి తరువాతిది పెట్టాలి. బార్లీ అన్నం ఆరో వాయి. ఇదంతా నేను రాసిందే, ఒక్కో వాక్యం మురిసిపోతూ రాశాను.

ఆ రోజు పన్నెండుంబావుకి అత్త ఫోన్ చేసింది. "సూది ఏసుకున్న్యా. తినేదానికి పిలస్తాండారు. ఫోన్లు ఇచ్చేయల్లంట, పెడతా ఉండాను" అంది. సరే అన్నాను. పన్నెండూ నలభైకి ఆఫీసు గ్రూపు తెరిస్తే ముందు రోజు ఫొటోలు ఉన్నాయి, వాళ్ళ వెంట వెళ్ళిన గైడమ్మ పొద్దున పంపినవి. ఒక ఫొటోలో అందరూ తింటున్నారు. మా అత్త ముందు ప్లేటులో చెంచాడు అక్రోటు పచ్చడి అలాగే ఉంది, ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద మా గైడమ్మ రాసింది: 'మీ అత్తగారు అన్నీ వడ్డించేదాకా ముట్టుకోనన్నారు. ఒక్కో ప్లేటుకీ బతిమాలి తినిపించాను.'

ఆ ప్లేటును పెద్దది చేసి మళ్ళీ చూశాను.

మా ఇళ్ళల్లో అది చిన్నప్పట్నుంచీ ఉన్న పద్ధతి. ఆకులో ఉప్పు పడుతుంది, ఊరగాయ పడుతుంది, పెసరపప్పు కోసంబరి పడుతుంది, కూరల పల్యాలు పడతాయి, అన్నం వచ్చి నెయ్యి పడి పెద్దవాళ్ళు చెయ్యి పెట్టేదాకా ఎవరూ కదలకూడదు. పెళ్ళి పంక్తిలో ఆకు చివరన ఉన్న అప్పడం విరిచినందుకు అదే అత్త నా వీపు మీద ఒక్కటిచ్చింది. అట్లాంటి మనిషి ముందు చెంచాడు పచ్చడి పెడితే మిగతావి వస్తాయని కూర్చుంటుంది. నిన్నయితే గైడమ్మ నోరు తెరిచి చెప్పింది. ఈ రోజు ఎవరూ చెప్పరు. వడ్డించేవాళ్ళు ముట్టని ప్లేటు గౌరవంగా తీసేస్తారు. మళ్ళీ ఇంకోటి పెడతారు, ఆవిడ మళ్ళీ చూస్తుంది. తీపి వద్దని నేనే రాశాను కాబట్టి మొదటి వాయిలో అందరికీ ఇచ్చే తేనె నీళ్ళు కూడా ఆవిడకు ఉండవు. అన్నం వచ్చేసరికి ఒకటిన్నర దాటుతుంది. నాకు లెక్క చెయ్యాల్సిన పని లేదు, ఆ టైములన్నీ వేసింది నేనే.

గైడమ్మకు చేశాను, స్విచాఫ్. ఆమె ఫోనూ బుట్టలోనే. తోట ఇంటి యజమానికి చేశాను, అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. పక్క క్యాబిన్‌లో ఎవరిదో పుట్టినరోజు, కేకు కోస్తూ నన్ను రమ్మని చెయ్యి ఊపారు. వాళ్ళను చంపేద్దామన్నంత కోపం వచ్చింది. మెట్ల మీదికి వెళ్ళి కూర్చుని, నేను తయారు చేసిన కాగితంలోనే పేర్లన్నీ వేలితో వెతికాను. డ్రైవర్లు. డ్రైవర్ల ఫోన్లు తీసుకోమని నేను ఎక్కడా రాయలేదు.

మొదటి డ్రైవరు ఎత్తలేదు. రెండోసారి కూడా ఎత్తలేదు. రెండో బండి అతను మూడో ప్రయత్నానికి ఎత్తాడు. నా హిందీ మామూలప్పుడే కుంటుతుంది, ఆ రోజు అసలు నిలబడలేదు. పెద్దావిడ, తెల్ల జుట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, వెంటనే ఏదైనా తీపి నోట్లో పొయ్యాలి, ప్రాణం మీదికి వచ్చింది అని ఎలాగో చెప్పాను.

"మేడం, బండ్లు కిందే ఆపమన్నారు. భోజనం దగ్గరికి మేం పోకూడదు, అక్కడ మౌనం" అన్నాడతను.

"ఆ మాట అన్నది నేనే! పరిగెత్తు బాబూ. అక్కడికి పోయి గట్టిగా అరిచి చెప్పు!" అన్నాను. నిజానికి నేనే అరిచాను. కింది అంతస్తు సెక్యూరిటీ అతను తల పైకెత్తి చూశాడు.

అతను ఫోన్ కట్టేయకుండా జేబులో పెట్టుకున్నట్టున్నాడు. బూట్ల చప్పుడు, అతని రొప్పు వినిపించాయి. తరువాత సిగ్నల్ పోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. నేను మెట్టు మీద కూర్చుని గోడకు తల ఆనించాను. దేవుణ్ణి పిలిస్తే ఏమని అడగాలి? మంచు చూస్తానన్న ముసలామెను పంపిందీ నేనే, ఆకలితో కూర్చోబెట్టిందీ నేనే, పక్కవాళ్ళ నోళ్ళు కట్టేసిందీ నేనే. ఇందులో నింద వెయ్యడానికి నాకు ఇంకొకరు దొరకలేదు. అందరి మీదా విరుచుకుపడే నాకు అది కొత్త.

ఎంతసేపైందో తెలియదు. గడియారం ప్రకారం ఇరవై నిమిషాలట. గైడమ్మ ఫోన్ చేసింది. ఆమె ఏడుస్తోంది. డ్రైవరు వెళ్ళేసరికి అత్త కుర్చీలో వెనక్కి వాలి ఉందట. ధ్యానంలో ఉందనుకుని అందరూ చాలా గౌరవంగా తల తిప్పుకున్నారట. చీర చెమటతో తడిసిపోయింది. డ్రైవరే బల్ల మీదున్న తేనె వేలితో ఆవిడ చిగుళ్ళకు రాశాడు, కాస్త తెలివి రాగానే ఆప్రికాట్ రసం తాగించాడు. ఇప్పుడు బార్లీ అన్నం, పెరుగు తింటోంది, పరవాలేదు అంది.

"ఫోన్ ఆవిడకియ్యి" అన్నాను.

అత్త గొంతు వినబడగానే నాకు పట్టలేనంత కోపం వచ్చింది. భయం దిగిపోతూ దిగిపోతూ కోపమై దిగుతుంది కాబోలు. "నీకు తెలియలేదా అత్తా? చెమటలు పడితే తెలియదా? కళ్ళు తిరిగితే తెలియదా?" అని కేకలేశాను.

"తెలిసిందప్పా. చేతులు అదరబట్టె. సంచీలో పెప్పరమెంటు బిళ్ళలు కూడా ఉండాయి" అంది.

"మరి ఒకటి నోట్లో వేసుకోవడానికేం? నాకు బాలేదు అని ఒక్క మాట అనడానికేం?"

ఆవిడ పక్కవాళ్ళకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించింది. "ఎవురూ మాట్లాడగూడదు అనేది నువ్వు పెట్టిన నియమం అని ఆ గైడమ్మ అందరికీ చెప్పె. అందరూ చప్పట్లు కొట్రి. నీ ఇంటిదాన్ని, నేనే నోరు తెరిస్తే నీ మర్యాద ఏమైతుంది? నీ పని పోతే? స్వల్ప ఓర్చుకుంటే అయిపోతుందిలే అనుకున్న్యా."

అంతసేపూ పడిన భయం అప్పుడు పడిన భయం ముందు ఏమీ కాదు. సూదికీ తిండికీ మధ్య ఎంతసేపు ఉండాలో నేను జాగ్రత్త పడగలను, ఫారంలో రాయగలను, డ్రైవర్లకు చెప్పిపెట్టగలను. నా పరువు కోసం, ప్రాణం పోతున్నా నోరు తెరవకుండా కూర్చునే మనిషిని ఏం చెప్పి కాపాడుకోవాలో నాకు తెలియలేదు. వచ్చెయ్యమని బతిమాలాను. "ఇంకా మంచు చూడలేదు కదప్పా" అంది. ఇంకా నాలుగు రోజుల ప్రయాణం మిగిలి ఉంది.