టేపు అబద్ధమాడదు

మామయ్యకు మనుషుల మాట మీద కన్నా మెడలో వేలాడే టేపు మీద గురి ఎక్కువ. దర్జీ కదా, కొలవందే దేన్నీ ఒప్పుకోడు. దుకాణానికి దారి అడగడానికి వచ్చినవాడి భుజాలు కూడా కొలిచే పంపిస్తాడు. ఎవరైనా నవ్వితే, "మనిషి ఆడతాడు గానీ టేపు అబద్ధమాడదు" అంటాడు.

ఆ టేపు ఒకనాడు బంతి పొట్టకు చుట్టుకుంది. బంతి ఆయన అక్కగారింటి కుక్క. పేరుకు తగ్గ ఆకారం. బిస్కెట్ల పొట్లం చప్పుడైతే తప్ప కన్ను తెరిచేది కాదు.

పెంచినావిడా అంతే. మోకాలి ఆపరేషన్ అయ్యాక అక్కగారు కుర్చీకి అతుక్కుపోయింది. నడవకపోతే కాలు బిగుసుకుపోయి మంచమే గతి అవుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. కూతురు బతిమాలింది, కేకలేసింది, చివరికి ఏడ్చింది.

"నేనెక్కడికెళ్లాలే? నేను నడవలేదని ఏ పని ఆగింది?" అనేది అక్కగారు.

మామయ్య మాత్రం ఆవిడ మోకాలి ఊసే ఎత్తలేదు. బంతికి చలి చొక్కా కుట్టి తెచ్చి తొడిగాడు. గుండీలు కలవలేదు.

"చూశావా అక్కా? ఇలాగే ఉంటే దీని గుండె ఆగుతుంది. నడిపించాలి."

"అయ్యో నా తల్లీ!" అంటూ అక్కగారు చేతికర్ర అందుకుంది.

అప్పట్నించీ ప్రతి ఆదివారం అదే తంతు. మామయ్య టేపు చుట్టి, అంకె పైకి చెప్పకుండా తల ఊపేవాడు. తర్వాత చొక్కా తొడిగితే గుండీలు కలిసేవి కావు. "ఇంకా తగ్గాలక్కా!" అనేవాడు. అక్కగారు వీధి చివరిదాకా నడిచింది, తర్వాత పార్కు దాకా నడిచింది. పక్కనే మామయ్య ఆయాసపడుతూ నడిచేవాడు.

ఒకరోజు కూతురు బంతిని టీకాకి తీసుకెళ్లింది. పశువుల డాక్టరు దాని బరువు తూచి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏమ్మా, పస్తులుంచుతున్నారా? ఇంకొంచెం తగ్గితే ఎముకలే మిగులుతాయి."

కూతురికి అర్థం కాలేదు, మొన్న ఆదివారం కూడా గుండీలు కలవలేదు కదా! ఇంటికొచ్చి చొక్కా తిరగేసి చూస్తే లోపల కుట్టు మీద కుట్టు. వారం వారం చొక్కా ఇరుకవుతూ వచ్చిందన్నమాట. దాన్ని పట్టుకుని దుకాణానికి పరుగెత్తింది.

"ఏంటిది మామయ్యా? టేపు అబద్ధమాడదన్నావుగా!"

"ఆడలేదుగా! చొక్కా అబద్ధమాడదని నేనెప్పుడైనా అన్నానా?" అన్నాడు మామయ్య సూదిలో దారం ఎక్కిస్తూ. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ అమ్మ తన కోసమైతే గడప దాటదే. కుక్క కోసమైతే ఊరు దాటుతుంది. నన్నేం చేయమంటావు?"

కూతురికి కోపం కాస్తా కరిగి కళ్లు తడిశాయి. కానీ భయమూ వేసింది. "ఇప్పుడెలా? నిజం తెలిస్తే అమ్మ మళ్లీ కుర్చీలో కూలబడుతుంది. చెప్పకపోతే బంతి చిక్కిపోతుంది."

ఇద్దరూ దొంగల్లా ఇంటికొచ్చారు. అక్కగారు గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉంది. చేతికర్ర మూలన పడి ఉంది. బంతి బిస్కెట్లు నములుతోంది.

"అక్కా, ఆ చొక్కా..."

"తెలుసులేరా. దానికి నీళ్లుపోసేది నేను. పక్కటెముకలు చేతికి తగలవా? నెల నుంచీ పాలు రెండింతలు పోస్తున్నా, నీతో పార్కుకి వచ్చేసరికి అవీ అరిగిపోతున్నాయి."

"మరి తెలిసీ ఎందుకు నడిచావమ్మా?" అంది కూతురు.

అక్కగారు తమ్ముడి మెడలోంచి టేపు లాగి ఆయన నడుముకు చుట్టింది. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మనిషికి పొట్ట రాకేం చేస్తుంది? మామయ్య ఊపిరి బిగబట్టాడు.

"వీడు ఒక్కడే అయితే గడప దాటడే. నాకోసమైతే ఊరు దాటుతాడు" అంది అక్కగారు. "ఒరేయ్, ఊపిరి వదులు. టేపు అబద్ధమాడకూడదు."