లేపినందుకు పాయింట్లు

నాయుడుపేట నుంచి శ్రీ సిటీకి మా కంపెనీ బస్సు పొద్దున్నే బయల్దేరుతుంది. హైవే మీద గంటకు పైగా ప్రయాణం. గేటు దగ్గర ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి పోవాలి కాబట్టి మా ఆటంతా ఆ గంటలోనే. ఎనిమిదిమంది ఆడవాళ్లం నలుగురేసి రెండు జట్లుగా విడిపోయి, ఫోన్లలో తుపాకులు పట్టుకుని పాడుబడిన ఊళ్లలో ఒకరినొకరు కాల్చుకునేవాళ్లం.

ఆట ముగియగానే ఎవరికెన్ని పాయింట్లో ఫోనే చూపిస్తుంది. ఎక్కువమందిని చంపినవాళ్లు పైన ఉంటారు. వారమంతా కూడి చూసి, అందరికంటే కింద ఉన్నవాళ్లు తర్వాతి వారం వెనక చక్రం మీది సీట్లో కూర్చోవాలని సరదాకు మేమే ఒక నియమం పెట్టుకున్నాం. గుంతలో పడి బస్సు ఎగిరితే నడుము విరిగే సీటు అది.

ఆ సీటు ఎప్పుడూ ఒకామెకే వచ్చేది. మాలో ఆమే పెద్దది, అందరం అక్కా అని పిలిచేవాళ్లం. పుట్టిల్లు సత్యవేడు దగ్గర పల్లె. అంతకుముందు ఇంకెక్కడో పనిచేసినప్పుడు కుడి బొటనవేలు మిషన్లో నలిగి సగం స్పర్శ పోయింది. ఆ వేలితో గురిచూసి కాల్చడం ఆమె వల్ల కాదు. అయితే ఆ ఆటలో దెబ్బ తిని పడిపోయినవాళ్ల పక్కన జట్టులో ఒకరు వచ్చి కాసేపు కూర్చుంటే, పడినవాళ్లు మళ్లీ లేస్తారు. అక్క ఆ పని చేసేది. తూటాలు వస్తున్నా గోడల చాటున పాకుతూ వచ్చేది. "ఉండు పాపా, వస్తాండా" అని వెనక సీట్లోంచి ఆమె గొంతు వినిపిస్తే పడినవాళ్లకు ప్రాణం లేచొచ్చేది. జట్లు పంచుకునేటప్పుడు అక్క కోసం రెండువైపులా పోటీ. లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆమెకు మిగిలేది దాదాపు సున్నా.

ఇది అన్యాయమని మొదట అన్నది ఎప్పుడూ పైన ఉండే అమ్మాయే. శ్రీకాళహస్తి పిల్ల, కాల్చడంలో మాలో ఆమెను మించినవాళ్లు లేరు. "నువ్వు డిగ్రీలో లెక్కలు సదివినావు గదా మే, న్యాయంగా ఉండేట్టు పాయింట్లు నువ్వే పెట్టు" అంది. నాకు చాలా సంతోషమేసింది. ఫ్యాక్టరీలో నా పని చిన్న స్క్రూలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడటం. నేను చదివింది ఒకటి ఉందని ఎవరైనా గుర్తు చేయడం అదే మొదలు.

ఒకరిని చంపితే ఎంతో, పడినవాళ్లను లేపితే అందులో సగం అని పెట్టాను. అక్క నడిమికి వచ్చింది. ఆ కొద్దిరోజులు నేను బస్సులో తల ఎత్తుకుని కూర్చున్నాను. తర్వాత చూస్తే, స్నేహితులైన ఇద్దరు వంతులవారీగా శత్రువుల ముందుకు నడిచి పోయి కావాలనే పడుతున్నారు, ఒకరు పడటం, ఇంకొకరు లేపడం. అందుకని ఒకే మనిషిని మళ్లీ మళ్లీ లేపితే పాయింట్లు ఉండవన్నాను. అప్పుడు రెండోసారి పడినవాళ్ల దగ్గరికి ఎవరూ పోవడం మానేశారు. అక్క ఒక్కతే పోయేది. ఆ పోయినందుకు ఆమెకు ఏమీ వచ్చేది కాదు, మళ్లీ వెనక సీటే.

ఎవరి ఆటను వాళ్ల పాత ఆటతోనే పోల్చి చూద్దామనుకున్నాను. వారం మొదట్లో ఆడినదానికంటే చివర్లో మెరుగైతే పాయింట్లు. సోమవారం, మంగళవారం అందరూ చేతులు ముడుచుకుని ఆడారు, శనివారం మెరుగుపడాలి కదా. అలా నటించడం చేతగాని శ్రీకాళహస్తి పిల్ల అడుగుకు పడిపోయింది. "బాగా ఆడితే శిక్షనా?" అని అడిగింది.

ఇంట్లో నాయనతో చెప్పాను. పైరు నీళ్లకు వంతులు పెట్టిన అనుభవం ఆయనది. టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "వంతు రాసినోడికి ఊర్లో మిగిలేది పగ ఒకటే" అన్నాడు. ఆయనకు ఆటలంటే గిట్టదని సరిపెట్టుకున్నాను.

చివరికి ఫోను లెక్క వద్దు, మనుషులే చెప్పాలని నిర్ణయించాను. వారం ముగిశాక ప్రతి ఒక్కరూ బాగా ఆడిన ఒకరి పేరు నాకు మెసేజ్ పెట్టాలి. వచ్చినవి చూసుకున్నాను. ఒకే ఊరివాళ్లు ఒకరికొకరు వేసుకున్నారు. ఒకరిద్దరు శ్రీకాళహస్తి పిల్లకు వేశారు. నేను కూడా, అక్కకు ఎలాగూ అందరూ వేస్తారు కదా అని, ఆ పిల్లకే వేశాను. అక్క పేరు ఒక్కరూ పంపలేదు. తర్వాత విడివిడిగా అడిగితే అందరూ నాలాగే అనుకున్నామన్నారు. అది నిజమో కాదో నాకు తెలియదు.

ఆ ఆదివారమంతా కూర్చుని ఇంకో లెక్క కట్టాను. చేతికి ఇబ్బంది ఉన్నవాళ్లకు ముందే కొన్ని పాయింట్లు కలుపుకుని మొదలుపెట్టాలి. పెద్ద పెద్ద పోటీల్లోనూ ఇలాంటివి ఉంటాయని చదివాను. సోమవారం బస్సులో అందరి ముందూ చెప్పాను. అందరూ సరేనన్నారు. అక్క మాత్రం వెనక నుంచి లేచి, సీట్ల కమ్ములు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నా వేలికి పాయింట్లు ఏసినావా?" అంది.

వేలికి కాదక్కా, న్యాయం కోసమని ఏదో చెప్పబోయాను.

"నేను ఆడినదానికి ఏస్తావనుకుంటి పాపా" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపమైతే బాగుండేది. పోయి తన సీట్లో కూర్చుని ఫోను సంచిలో పెట్టేసుకుంది.

మరుసటి రోజు నుంచి ఆమె ఆడలేదు. బతిమాలాం. కళ్లు నొప్పి పుడతాయని తప్పించుకుంది. ఏడుగురితో జట్లు కుదరలేదు, వేరే ఒకామెను చేర్చుకున్నాం. పడినవాళ్లు పడినచోటే ఉండిపోతుంటే ఆట చప్పున ముగిసిపోయేది. శ్రీకాళహస్తి పిల్ల ఇంట్లో కూర్చుని తెలియనివాళ్లతో ఆడటం మొదలుపెట్టింది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. వానాకాలం వచ్చేసరికి బస్సులో ఎవరి సినిమా వాళ్లది.

అక్కను రెండో షిఫ్టుకు మార్చారు. ఒకరోజు నేను పని ముగించుకుని నాయుడుపేటలో దిగేసరికి, వాళ్ల బస్సు ఆలస్యమై ఆమె ఇంకా స్టాపులోనే నిలబడి ఉంది. నా దగ్గర కొత్త పద్ధతి ఒకటి ఉందని చెప్పాను. ఎవరు లేపితే జట్టు గెలిచిందో దాన్నిబట్టి పాయింట్లు పంచడం. ఓపికగా విన్నది.

"ఒద్దులే. నువ్వు ఎట్ల పెట్టినా ఎవురో ఒగరు అడుగునుండాల్సిందే గదా" అంది. "ముందు నాకు అదేం బాధ ల్యా. సీటుదేముండాది. మీరు నన్ను పిలస్తాంటిరి, వస్తాంటి."

ఆమె బస్సు వచ్చింది, ఎక్కిపోయింది. ఆ కొత్త పద్ధతిని ఇంటికి పోయి మళ్లీ చూసుకున్నాను. జట్టు ఓడిపోయిన రోజు అందులో కూడా అక్కకు ఏమీ రాదు. అక్కా నేనూ ఒకే జట్టులో పడిన రోజుల్లో ఎక్కువగా ఓడిపోయేవాళ్లమే.